రోంత జరుగు నాయనా: సీమ మాటలో మర్యాద

అనంతపురం బస్టాండులో కళ్యాణదుర్గం బస్సు బయలుదేరబోతోంది. ముగ్గురు కూర్చునే సీటులో ఇద్దరు కుర్రవాళ్లు పరుచుకుని కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. బస్సెక్కిన ముసలామె సంచిని చంకలోకి ఎగదోసుకుని, వాళ్ల పక్కన నిలబడి, "రోంత జరుగు నాయనా" అంటుంది. ఒకడు తలెత్తి చూసి, మారు మాట్లాడకుండా కిటికీ వైపు జరుగుతాడు. కూర్చుని సంచి ఒళ్లో సర్దుకున్నాక ఆమె "చల్లగుండు" అంటుంది. కుర్రవాడు మళ్లీ ఫోన్లో పడిపోతాడు.

ఇందులో 'దయచేసి' లేదు, 'ధన్యవాదాలు' లేదు, 'అండీ' అసలే లేదు. గోదావరి వైపు నుంచి వచ్చి ఈ మాట మొదటిసారి విన్నవాళ్లకు అది ఆజ్ఞలా అనిపించవచ్చు. రాయలసీమలోని కర్నూలు, అనంతపురం, కడప మనుషులు కటువుగా మాట్లాడతారన్న పేరు చాలావరకు ఇక్కడే పుట్టింది. ఆ పేరు తప్పు. మర్యాద ఉంది, అయితే అది కోస్తావాళ్లు వెతికే చోట లేదు.

ఆ మూడు మాటలనే విప్పి చూడండి. 'రోంత' అంటే కొంచెం. అడుగుతున్నది చిన్నదేనని, ఇచ్చేవాడికి పెద్ద కష్టం లేదని ఆ మాట ముందే చెబుతుంది. వేరే చోట 'దయచేసి' చేసే పని ఇక్కడ 'రోంత' చేస్తుంది. 'రోంత చూడప్పా', 'రోంత చెప్పక్కా', 'రోంత పట్టుకో సామీ' అని రోజుకు వందసార్లు వినిపిస్తుంది. ఇక 'నాయనా' అంటే తండ్రి. తనకంటే యాభై ఏళ్లు చిన్నవాణ్ని ఆమె తండ్రి వరసలో నిలబెట్టింది. కాబట్టి 'జరుగు' అనే ఏకవచనం అక్కడ గుచ్చుకోదు. పని అయ్యాక 'చల్లగుండు' అని దీవించింది. తెలుగులో 'దయచేసి' చాలాకాలంగా బోర్డుల మీద, రైల్వే ప్రకటనల్లో బతుకుతోంది. ఇంట్లో అన్నం వడ్డించిన తల్లికి ఎవరైనా 'ధన్యవాదాలు' అంటే ఆమెకు ఏదో తేడాగా తోస్తుంది. మన భాషలో వినయం విడి మాటల్లో తక్కువ. వరసలోనూ, క్రియ చివరా, గొంతులోనూ ఎక్కువ.

'మర్యాద' అనే మాట సంస్కృతం నుంచి వచ్చింది. దాని మొదటి అర్థం హద్దు, గట్టు. సముద్రం దాటని ఒడ్డును కూడా ఆ మాటతోనే చెప్పేవాళ్లు. 'సీమ' అన్న మాటకూ హద్దనే అర్థం ఉంది. పొలం గట్టు రెండు పనులు చేస్తుంది. నీళ్లు నిలిపి పైరును కాపాడుతుంది. ఎవరి చేను ఎక్కడిదాకానో చెబుతుంది. మర్యాదకూ ఈ రెండు పనులూ ఉన్నాయి. మనిషిని దగ్గరికి తీసుకోవడం ఒకటి, ఎక్కడ ఆగాలో తెలియడం రెండోది. సీమవాళ్లకు మొదటిది వెన్నతో పెట్టిన విద్య. రెండోదాని దగ్గరే తడబాటు. ఇంకా బాధ కలిగించే సంగతి ఏమంటే, ఆ గట్టును కొందరిని బయట నిలబెట్టడానికి కూడా తరతరాలుగా వాడుకున్నాం.

ముందు దగ్గరితనం సంగతి. ఈ జిల్లాల పల్లెల్లో మనవడు జేజిని (నాయనమ్మను) 'నువ్వు' అంటాడు, కొడుకు నాయనను 'నువ్వు' అంటాడు. అక్కడ 'మీరు' అంటేనే అలిగినట్టు లెక్క. మూడో మనిషి గురించి చెప్పేటప్పుడు 'ఆయప్ప', 'ఆయమ్మ' అంటారు. ఆ మాటల్లోనే గౌరవం ఉంది. ఊరికి బయలుదేరినవాణ్ని 'యాడికి?' అని అడగరు, అడిగితే పని చెడుతుందని నమ్మకం. 'దూరమా?' అని అడిగి ఊరుకుంటారు. చెప్పాలనుకుంటే వాడే చెబుతాడు. అవతలివాడికి దాచుకునే వీలు ఇచ్చే ఇంత సున్నితమైన ప్రశ్న మన దగ్గరే ఉందని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తర్వాత వచ్చే ప్రశ్నల్లో ఈ సున్నితం కనిపించదు. వెళ్లేటప్పుడు ఎవరూ 'పోతా' అనరు, 'పోయొస్తా' అంటారు.

ఈ మాటతీరు ఊరు దాటాక చిక్కు వస్తుంది. గుత్తి నుంచో ప్రొద్దుటూరు నుంచో ఇంజనీరింగ్ చదివిన పిల్లవాడు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగానికి వెళ్లి, తెలుగు తెలిసిన పెద్ద ఉద్యోగితో 'సార్, నువ్వు చెప్పినట్లే చేసినా' అంటాడు. 'సార్' పక్కనే 'నువ్వు' ఉండటం వాడి ఊళ్లో మామూలే, ఇంట్లో పెద్దలతో ఉండే చనువుతో వాడు మాట్లాడాడు. ఎదుటివాడికి అది తలబిరుసుగా వినిపిస్తుంది. ఇలాంటి చోట పిల్లలకు 'మీ భాష మార్చుకోండి' అని చెప్పడం అన్యాయం. వాడి మాటలో తప్పు లేదు, వాడుకునే చోటు మారిందంతే. కొత్తవాళ్లతో, ఫోన్లో, రాతలో 'మీరు' వాడటం పొలంలో చెప్పులు, ఇంట్లో ఉత్తకాళ్లు లాంటి అలవాటు. రెండూ తెలిసినవాడికి ఏదీ చిన్నతనం కాదు. అట్లాగే ఇంటర్వ్యూ చేసేవాళ్లూ ఒక్క 'నువ్వు' విని మనిషిని కొలవకూడదు. యాస విని నవ్వడం కన్నా పెద్ద అమర్యాద ఇంటర్వ్యూ గదిలో మరొకటి లేదు.

ఇక అసలు విషయం. మర్యాద పైకి పోయేటప్పుడు అందరికీ వస్తుంది. కిందికి దిగేటప్పుడే దాని నిజం బయటపడుతుంది. వరస పెట్టి పిలవడం ఊళ్లల్లో కులాల మధ్య కూడా ఉండేది, కానీ రెండు వైపులా సమానంగా నడిచేది కాదు. అరవై ఏళ్ల దళితుణ్ని పదేళ్ల పిల్లవాడు పేరు పెట్టి, 'రా', 'పో' అనేవాడు. ఆయన ఆ పిల్లవాణ్ని 'సామీ' అనాల్సి వచ్చేది. టీ అంగళ్లలో రెండు గ్లాసుల పద్ధతి నడిచింది: కొందరికి లోపలి గ్లాసు, కొందరికి బయట విడిగా పెట్టిన గ్లాసు, తాగి వాళ్లే కడిగి పెట్టాలి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో అంటరానితనం నేరాల చట్టం (ఇప్పటి పౌరహక్కుల రక్షణ చట్టం), 1989లో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చాయి. నలుగురిలో కులం పేరుతో దూషించడం నేరమైంది. గ్లాసులు చాలాచోట్ల మారాయి. క్రియలు మాత్రం పూర్తిగా మారలేదు. ఇప్పటికీ వీధి ఊడ్చే పెద్దామెను 'ఏయ్, ఇక్కడ ఊడ్చు' అని, అదే నోటితో అదే వయసు టీచరమ్మను 'రండమ్మా, కూర్చోండి' అని అనేవాళ్లు కనిపిస్తారు. వయసు చూసి గౌరవిస్తామని చెప్పుకునే మనం ఆ వయసును అందరిలోనూ చూడటం లేదు.

ప్రతి సోమవారం జిల్లా కలెక్టరేట్లలో ప్రజల అర్జీలు తీసుకుంటారు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఆ కార్యక్రమం పేరు మారుతుంది, వరసలో నిలబడే మనుషులు మాత్రం వాళ్లే. అక్కడ ఒక దృశ్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మడక (నాగలి) పట్టిన చేతులతో, అర్జీని నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని వచ్చిన రైతు, ఎవరూ చెప్పకుండానే చెప్పులు గుమ్మం బయట విడుస్తాడు. భుజం మీది తుండుగుడ్డ తీసి చేతిలో పట్టుకుంటాడు. ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉన్నా నిలబడే ఉంటాడు. ఆ చెప్పులు విడవడం భక్తి అనుకుంటే పొరపాటు, అది పాత భయం. అధికారి తలెత్తి 'కూర్చో పెద్దాయనా, ఏ ఊరు?' అంటే ఆయన కుర్చీ అంచు మీద కూర్చుంటాడు. అప్పుడు గొంతు విడివడుతుంది. సర్వే నంబరు తప్పు పడిన సంగతి, ఎన్నిసార్లు తిరిగాడన్న సంగతి వరసగా చెబుతాడు. ఆ పని ఆ రోజు కాకపోవచ్చు. కానీ అర్జీ విషయం అధికారికి పూర్తిగా తెలిసింది. కుర్చీ చూపించని చోట సగం మాటలు గొంతులోనే ఉండిపోయేవి. కార్యాలయంలో మర్యాద అంటే అలంకారం అనుకునేవాళ్లు ఈ తేడాను గమనించాలి. పని సవ్యంగా జరగడానికి అది అవసరం.

ఆడవాళ్ల విషయంలో భాషే ఒక ఉచ్చు వేసి పెట్టింది. తెలుగు వ్యాకరణంలో స్త్రీ ఏకవచన క్రియ, వస్తువులకూ పశువులకూ వాడే క్రియ ఒకటే: ఆమె వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంతో గౌరవం చేర్చకపోతే క్రియలో మనిషి కనిపించదు. ఆఫీసుల్లో చెవి పెట్టి వినండి. 'సార్ వచ్చినారు, మేడం వచ్చింది' అంటారు. హోదా ఒకటే, కుర్చీ ఒకటే, క్రియ మాత్రం వేరు. ఆసుపత్రిలో 'డాక్టరు చెప్పినారు, నర్సు చెప్పింది'. ఎవరూ కావాలని అనరు, నోరు అలా అలవాటు పడింది. 'మేడం వచ్చినారు' అనడానికి ఖర్చేమీ లేదు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బు లేకుండా ప్రయాణం వచ్చింది. కిక్కిరిసిన బస్సులో విసుగు సహజమే. అయినా డబ్బు కట్టనివాళ్లకు మాట కూడా తక్కువే పడుతుందన్న ధోరణి కొందరి గొంతులో వినిపిస్తే చెవికి కష్టంగా ఉంటుంది. అది వాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన హక్కు. కండక్టరుకూ, తోటి ప్రయాణికులకూ వాళ్లు మిగతావాళ్లతో సమానమే.

నీళ్ల గురించి చెప్పకుండా అనంతపురం మర్యాద గురించి చెప్పలేం. నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి పల్చబడతాయి. మామూలు ఏడాదిలో ఉమ్మడి అనంతపురం జిల్లాకు పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. అలాంటి చోట గడప ఎక్కినవాళ్లకు, ఏ పని మీద వచ్చారో అడగకముందే చెంబుతో నీళ్లు ఇస్తారు. 'నీళ్లు కావాలా?' అని అడగడమే తప్పు. వచ్చినవాడు మొహమాటపడి 'వద్దు' అంటాడు. అందుకే తెచ్చి చేతికిస్తారు. పుచ్చుకున్నవాడికీ పద్ధతి ఉంది. మిగిలిన నీళ్లు ఎక్కడపడితే అక్కడ పారబోయడు, మొక్క మొదట్లో పోస్తాడు. ఎండాకాలంలో వెలిసే చలివేంద్రాలు ఈ అలవాటుకే బజారు రూపం. ఇంటికి వస్తువు తెచ్చిచ్చే డెలివరీ కుర్రవాళ్లు మే నెల ఎండలో మూడో అంతస్తు ఎక్కి వస్తే, ఓటీపీ చెప్పి తలుపు వేసుకునే ఇళ్లు ఎక్కువయ్యాయి. గ్లాసు నీళ్ల అలవాటు ఆ గుమ్మం దాకా చేరాలి.

నీళ్ల తర్వాత తిండి. కొసరి కొసరి వడ్డించడం సీమలో ప్రేమ. రెండో ఓళిగ (బొబ్బట్టు) వద్దంటే మూడోది వేస్తారు. సంగటి ముద్ద మీద గుంట చేసి నెయ్యి పోసేదాకా వడ్డించే ఆమెకు తృప్తి ఉండదు. ఇక్కడే గట్టు గుర్తుకు రావాలి. షుగరు ఉన్నవాణ్ని 'ఒక్క రోజుకు ఏం కాదులే' అని బలవంతపెట్టడం ప్రేమే కావచ్చు, కానీ ఆ రాత్రి బాధపడేది తిన్నవాడు. ఒకసారి అడగాలి, రెండోసారి అడిగితే ముచ్చట, మూడోసారి అడిగితే హింస. వద్దనేవాళ్లూ తిండిని తప్పుపట్టకుండా 'చాలక్కా, కడుపు నిండింది' అని చేయి అడ్డం పెడితే సరిపోతుంది.

తెలుగులో 'మొహమాటం' అని ఒక మాట ఉంది. కాదనలేకపోవడం, అడగలేకపోవడం రెండూ అందులోనే ఉన్నాయి. దాన్ని మర్యాద అని పొరబడుతున్నాం. అప్పు ఇవ్వలేనని చెప్పలేక 'చూద్దాంలే' అని పది రోజులు తిప్పించుకోవడం, పెళ్లికి రాలేనని తెలిసీ 'తప్పకుండా వస్తా' అనడం, పని కాదని తెలిసీ 'రేపు రా' అనడం మొహమాటం వేసే వేషాలే. ఆ పది రోజులు ఎదుటివాడు ఇంకో దారి వెతుక్కునేవాడు. ముఖం మీద 'నా చేత కాదన్నా' అని మెత్తగా చెప్పడమే వాడికి మేలు. ఆఫీసులో ఈ జబ్బు ఇంకా ముదిరింది. సమావేశానికి 'వస్తాండా, దార్లో ఉండా' అని ఇంట్లో స్నానం చేస్తూ చెప్పేవాడు, పదిమంది కాలాన్ని తన ఇష్టానికి ఖర్చు పెడుతున్నాడు. అరగంట ఆలస్యమవుతుందని ముందే చెబితే ఆ పదిమంది ఆ అరగంటలో ఏదో ఒక పని చేసుకుంటారు.

హద్దు దాటే ప్రశ్నల సంగతికి వద్దాం. 'జీతమెంత?', 'పిల్లల్లేరా ఇంకా?', 'సంబంధాలు చూడలేదా?' అని పది నిమిషాల పరిచయంలోనే అడగడం మనకు చొరవగా కనిపిస్తుంది. పెళ్లయి ఆరేళ్లయినా పిల్లలు లేని ఆడమనిషికి ఆ ప్రశ్న ప్రతి పేరంటంలో ఎదురవుతుంది, ఆమె ప్రతిసారీ నవ్వు ముఖం పెట్టుకోవాలి. అన్నిటికన్నా బరువైనది 'మీరేమిటోళ్లు?' అని కులం ఆరా తీసే ప్రశ్న. కర్నూలులో అద్దె ఇంటి కోసం తిరిగే ఉద్యోగులకు అడ్వాన్సు ఎంతో చెప్పకముందే ఇది వినిపిస్తుంది. కొందరు నేరుగా అడగరు. ఇంటి పేరు అడుగుతారు, ఊళ్లో ఇల్లు ఏ వీధిలో అని అడుగుతారు, మాంసం తింటారా అని అడుగుతారు. ఊరికి పోయేవాణ్ని 'దూరమా?' అని మాత్రమే అడిగి వదిలేసే సంస్కారం ఉన్న జనానికి ఈ ప్రశ్న ఎలా నోరు దాటుతుందో అర్థం కాదు. అద్దె సమయానికి కడతారా, నీళ్లు పొదుపుగా వాడతారా అని అడగండి. ఇంటి యజమానికి అక్కరకొచ్చే ప్రశ్నలు అవి.

ఫోన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసినవే. ఫోన్ చేసి 'ఎవరు మాట్లాడేది?' అని ఎదుటివాణ్నే అడగడం మానాలి. పేరు చెప్పి, 'ఇప్పుడు మాట్లాడొచ్చా?' అని అడిగితే అవతలివాడు బండి మీద ఉన్నాడో, ఆసుపత్రిలో ఉన్నాడో తెలుస్తుంది. బస్సులో స్పీకరు పెట్టి వీడియోలు చూడటం నలభై మంది చెవుల్ని వాడుకోవడమే. పెళ్లి కార్డు వాట్సాప్‌లో పంపడం తప్పేం కాదు, ఇప్పుడు అందరూ ఊరూరా తిరగలేరు. కానీ బొట్టు పెట్టి పిలిచే అలవాటున్న చోట, కార్డు వెనక ఒక ఫోన్ కాల్ లేకపోతే పెద్దవాళ్లు దాన్ని పిలుపుగా లెక్కపెట్టరు. 'కాయితం వచ్చింది, పిలుపు రాలేదు' అంటారు. రెండు నిమిషాల ఫోనుతో పోయేదానికి బంధుత్వం చెడగొట్టుకోవడం దేనికి?

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కొరియావాళ్ల కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక, సీమలో కొరియా మర్యాద కూడా కనిపించడం మొదలైంది. కొరియా భాషలోనూ గౌరవం క్రియ చివర ఉంటుంది. పెద్దవాళ్లతో ఒక ముగింపు, తోటివాళ్లతో ఇంకొకటి. పెద్దవాళ్లకు ఏదైనా ఇచ్చేటప్పుడు, పుచ్చుకునేటప్పుడు రెండు చేతులూ వాడతారు. ఎడమచేత్తో డబ్బివ్వాల్సి వస్తే 'ఏమనుకోవద్దన్నా, ఈ చెయ్యి ఖాళీ లేదు' అనే సీమ కిరాణా కొట్టు యజమానికి ఇది అర్థం కావడానికి దుబాసీ అవసరం లేదు.

పరాయివాళ్ల నమ్మకాన్ని మన్నించడం ఈ జిల్లాలకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. నార్పల దగ్గరి గూగూడులో కుళ్లాయప్ప పీర్ల పండుగకు హిందువులు చక్కెర చదివింపులు తెస్తారు. ఉగాది నాడు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వచ్చి కొబ్బరికాయ కొడతారు. కడప పెద్ద దర్గాలోకి అడుగుపెట్టే హిందువు, ఎవరూ చెప్పకముందే జేబురుమాలు తీసి తలకు చుట్టుకుంటాడు. అదే మనిషి రంజాన్ నెలలో పక్క బల్ల దగ్గర ఉపవాసం ఉన్న తోటి ఉద్యోగి ముందు టీ గ్లాసు పట్టుకుని నిలబడకుండా, రోంత అవతలికి వెళ్లి తాగి వస్తాడు.

చావు ఇంట్లో మాత్రం సీమ మర్యాద మాటలన్నిటినీ పక్కన పెట్టేస్తుంది. అక్కడ 'బాగుండారా?' అనరు. ఎలా పోయాడో తవ్వి తవ్వి అడగడం, 'ఇంకో ఆసుపత్రికి తీసుకుపోయి ఉంటే బతికేవాడు' అనడం మహా పాపమని పెద్దలు మందలిస్తారు. వచ్చినవాళ్లు కాసేపు కూర్చుంటారు. లేచి వెళ్లేటప్పుడు రోజూ నోట్లో నానే 'పోయొస్తా' అన్న మాట అక్కడ ఎవరూ అనరు. చెప్పులు వేసుకుని తల దించుకుని వెళ్లిపోతారు.

దినాలు అయ్యాక తండ్రిని పోగొట్టుకున్న ఉద్యోగిని తిరిగి ఆఫీసుకు వస్తుంది. ఏమనాలో ఎవరికీ తెలియదు. కొందరు కంప్యూటర్లలోకి చూస్తారు, ఒకరిద్దరు దగ్గరికి వచ్చి నీళ్లు నమిలి వెళ్లిపోతారు. మధ్యాహ్నం పక్క సెక్షన్ ఆమె టిఫిన్ బాక్సు తెచ్చుకుని, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంటుంది. "అన్నం తింటివా?" అని అడుగుతుంది. జవాబు కోసం చూడకుండా, మూత మీద సగం అన్నం పెట్టి, పక్కన ఊరుబిండి పచ్చడి వేసి, ఇటు జరుపుతుంది.